మధ్యాహ్నం రెండింటికి తల తిప్పిన కెమెరా

ఇది జరిగి నాలుగేళ్లయింది. అప్పుడే రాద్దామంటే నాకు అక్షరాలు రావు. ఎవరితోనైనా రాయిస్తే తమ మాటలు కలుపుతారని భయం. నేను వంట చేసే సర్కారు బడిలోనే, గిన్నెలు కడిగాక ఒకటో తరగతి వెనక బల్ల మీద కూర్చుని నేర్చుకున్నాను. అందుకే ఇంత ఆలస్యం.

నేను భయస్తురాలిని కాదు. బచ్చన్నపేట దగ్గర మా పుట్టింటి పత్తి చేను శ్మశానాన్ని ఆనుకునే ఉండేది. పత్తి ఏరి అలసిపోతే సమాధి రాయి మీదే కూర్చుని సద్ది తినేదాన్ని. దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేదాన్ని.

మేముండేది భూపాలపల్లిలో, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్‌లో. ముందొక గది, వెనక వంటగది, మధ్యలో తలుపు లేదు. మా ఆయన పక్షవాతంతో మంచం పట్టాడు. మాట లేదు. తనంతట తాను ఒత్తిగిలలేడు. నేను బడికి పోతే పక్క క్వార్టర్ రాజవ్వ పన్నెండింటికి వచ్చి నీళ్లు తాగించి పోయేది.

మా బిడ్డ సరిత ఇంటర్నెట్ కనెక్షన్లు బిగించే పని చేస్తుంది. బాపును కనిపెట్టుకోవడానికి గదిలో కెమెరా పెట్టింది. ఫోన్‌లో వేలితో జరిపితే దాని తల తిరుగుతుంది. రోజూ పని అయ్యాక, మూడున్నరకు చూసేదాన్ని.

ఒకరోజు ఎందుకో రెండింటికే చూశాను. కెమెరా మంచం వైపు లేదు. బీరువాకూ గోడకూ మధ్య ఉత్త నేలను చూస్తోంది. కాసేపటికి దానంతట అదే మంచం వైపు తిరిగింది. మర్నాడూ అంతే. అప్పటి నుంచి రెండింటికి చూడడం అలవాటైంది.

సరితకు చెప్పాను. "బయటోడెవడో మన కెమెరాల జొర్రిండమ్మా" అంది.

ఆ మంచం మీదే ఆయన ఒళ్లు తుడుస్తాను, బట్టలు మారుస్తాను. ఎవడో చూస్తున్నాడంటే కడుపు మండిపోయింది. రాజవ్వ మాత్రం నవ్వింది. "మంచంల పన్నోన్ని చూడనీకి ఎవడొస్తడే? సీన్మ హీరోనా ఏంది?"

ఆ సాయంత్రం సరిత ల్యాప్‌టాప్‌లో రౌటర్ పేజీ తెరిచింది. బయటి నుంచి మా ఇంటి నెట్‌లోకి రావాలని చూసే ప్రతివాడి చిరునామా, వచ్చిన టైమూ అందులో పడతాయట. పేజీ అంతా ఇంగ్లీషే. కానీ ఆ చిరునామాలు ఉత్త అంకెలు, మధ్యలో చుక్కలు. బస్సుల మీద, ఫోన్‌లో చూసి చూసి అంకెలు మాత్రం నాకు వచ్చు. నేను చదువుతుంటే సరిత ఒక్కొక్కటీ ఫైర్‌వాల్‌లో కొట్టి అడ్డుపెట్టింది. రెండింటికి వచ్చేది మాత్రం రోజూ ఒకటే నంబరు, చివర నలభై ఒకటి. దాన్ని క్యాలెండర్ వెనక గీసుకున్నాను.

ఆఖరుకు బయటి నుంచి వచ్చేవన్నీ బంద్ పెట్టింది. పాస్‌వర్డ్ కూడా మార్చింది. "ఇగ ఎవ్వడు రాడు. మనం ఫోన్ల చూసే దారి వేరే. నువ్వు పరేషాన్ కాకు" అంది.

మర్నాడు రెండింటికి కెమెరా తల తిప్పింది.

పేజీలో ఆ నంబరు పక్కన ఎర్ర గుర్తు ఉంది. లోపలికి రానివ్వలేదని దాని అర్థం. మరి తిప్పిందెవరు? కెమెరా చెడిందని సరిత కొత్తది తెచ్చి పెట్టింది. అదీ రెండింటికి ఆ నేలనే చూసింది. బడిలో నాకు కాలు నిలవలేదు. పప్పు రెండుసార్లు మాడ్చాను.

కొత్తది పెట్టిన పదో రోజు రెండింటికి ఫోన్ తెరిస్తే ఆ నేల ఉత్తగా లేదు. ఆయన అక్కడ బోర్లా పడి ఉన్నాడు, ముఖం గోడకు నొక్కుకుపోయి. ఉరికాను. రాజవ్వా నేనూ ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. ఇంకో అరగంటైతే ఊపిరి ఆగేదన్నాడు డాక్టరు. నేను వెనకటిలా మూడున్నరకు చూసి ఉంటే ఆయన నాకు దక్కేవాడు కాదు.

మంచానికీ ఆ గోడకూ నాలుగు మూరల దూరం. ఒత్తిగిలలేని మనిషి అక్కడికి ఎలా చేరాడో తెలియదు. కెమెరాలో రికార్డు దాచే కార్డు మేం వేయలేదు.

మూడో రోజు సాయంత్రం ఇంటికి తెచ్చాం. ఆయనను పడుకోబెట్టి తలెత్తి చూశాను. కెమెరా మంచాన్ని చూడడం లేదు. ఆ నేలనూ చూడడం లేదు. వంటగదిలోకి చూస్తోంది, పొయ్యి ముందు నేను నిలబడే చోటును.

సరిత పేజీ తెరిచింది. చివర నలభై ఒకటి. పక్కన ఎర్ర గుర్తు.

"పీకి అవతల పారేస్తనే అమ్మా" అంది ఏడుస్తూ.

"ఆగు బిడ్డా. గా కెమెరా లేకుంటే మీ బాపు మనకు దక్కకపోయేటోడు."

ఆయన పడతాడని అది చూసిందా, అది చూడబట్టే ఆయన పడ్డాడా? ఇప్పటికీ నాకు అంతు చిక్కలేదు.

మర్నాడు పొద్దున్నే లేచి, కెమెరాను ముట్టుకోకుండా, గ్యాస్ బండనూ పొయ్యినీ వరండాలోకి మోసుకుపోయి అన్నం అక్కడ వండాను.