ముందే రాసి ఉన్న లీటర్లు

దయ్యాల కథలు దొరికితే వదలకుండా చదువుతాను గానీ, అవి నిజమని ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. ఇది దయ్యం కథ కాదు. మరి ఏమిటో నాకు తెలియదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేం బెంగళూరు కె.ఆర్.పురంలో ఉండేవాళ్ళం. మా నాయన తొమ్మిది మంది పిల్లలను వ్యానులో బడికి తీసుకెళ్ళేవాడు. ఇంటికి అదే ఆధారం. పెట్రోలు భరించలేక ఆ పాత వ్యానుకు గ్యాసు కిట్టు పెట్టించాడు. కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత ట్యాంకు ఖాళీగా ఉన్నా, బంకులో ఐదారు లీటర్లు పట్టగానే గ్యాసు ఎక్కడం ఆగిపోయేది. పిల్లలతో వ్యాను రెండుసార్లు దారిలో నిలిచిపోయింది. ఇంకోసారి ఆలస్యమైతే మాన్పించేస్తామని ఇద్దరు తల్లులు చెప్పేశారు.

మెకానిక్ నంజుండన్న గ్యాసు పట్టే నోటి దగ్గర వాషరు మార్చాడు. ఫిల్టరు కడిగాడు. ట్యాంకు నిండగానే దారి మూసే ఫ్లోటు ఇరుక్కుందేమోనని చెక్కముక్కతో తట్టి చూశాడు. ఎండకు ట్యాంకు కాగితే గ్యాసు ఎక్కదు, పొద్దున్నే పోయించమన్నాడు. ఏదీ పనిచేయలేదు.

"ఊరికే నిండలే నిండలే అంటే నాకేం తెలుస్తాదప్పా? ఏ పొద్దు, ఎన్ని లీటర్లు, ఎండ ఉండాదా మబ్బు ఉండాదా, అంతా రాసుకోని రా" అన్నాడు చివరికి.

"మా పాప రాస్తాదిలే. తుమ్మినా డైరీలో ఎక్కించే మనిషి" అని నాయన నవ్వాడు.

నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీశాను: తేదీ, లీటర్లు, వివరం. నాయన పిల్లలను బడిలో దించి, బంకుకు వెళ్ళి, ఇంటికొచ్చి చెప్పేవాడు. నేను రాసేదాన్ని.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, నాయన ఇంకా రాకముందే పుస్తకం తెరిచాను. ఆనాటి గడిలో 6.4 అని ఉంది. నా దస్తూరీ, నా పెన్ను సిరా. పరధ్యానంలో రాసుంటాను, కొట్టేద్దాం అనుకుంటుండగా నాయన వచ్చి చెప్పులు విప్పుతూ, "ఈ పొద్దు ఆరు పాయింట్ నాలుగు" అన్నాడు.

ఆ రాత్రి పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. తెల్లారి తీస్తే 4.9 అని ఉంది. నాయన తెచ్చిన లెక్కా అదే. నిద్రలో లేచి రాశానే అనుకుందాం. పోయని లీటర్లు నిద్రలో ఎలా తెలుస్తాయి? నమ్మరని ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఉదయం లీటర్ల గడి ఖాళీగా ఉంది. వివరం గడిలో మాత్రం ఇలా ఉంది: "బంకులో పిల్లలు దిగారు. గ్యాసు పోయలేదు."

నాయన పిల్లలను దించాకే బంకుకు వెళ్తాడు. అక్కడ పిల్లలు ఎందుకుంటారు? లైబ్రరీ పుస్తకం ఇవ్వాలని అబద్ధం చెప్పి వ్యాను ఎక్కాను.

సగం దారిలో గ్యాసు అయిపోవచ్చింది. నాయన పిల్లలతోనే బంకులోకి తిప్పాడు. "ఒక్క నిమిషమే, కూర్చోండప్పా" అన్నాడు. పుస్తకంలోని వాక్యం ఏదో ప్రమాదం గురించేననిపించింది. తలుపు తీసి, తొమ్మిది మందినీ దించి, గోడ దగ్గర నిలబెట్టాను. అక్కడితో ఆగవలసింది. ఆగలేకపోయాను. వెళ్ళి గ్యాసు పట్టే మూత మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను.

"ఏమ్మా, బండికి పూజ చేస్తుండావా? వెనకాల లైను చూడు" అన్నాడు బంకతను. ఆటోవాళ్ళు హారన్లు కొట్టారు. పదిమందిలో నోరు విప్పని నేను, "వద్దు నాయనా, పోయించొద్దు" అని అరిచాను.

నాయన నా ముఖం చూశాడు. పిల్లల్ని ఎక్కించుకుని, పాత పెట్రోలు ట్యాంకులో మిగిలిన చారెడు పెట్రోలుతో వ్యాను తీశాడు. బడికి చేరేసరికి గేటు మూసేశారు.

ఆ మధ్యాహ్నమే నంజుండన్న ట్యాంకు ఖాళీ చేసి వాల్వు విప్పాడు. "ఏమీ లేదప్పా. కొత్తదాని మాదిరి ఉండాది" అన్నాడు. విప్పినదాన్ని విప్పినట్టే బిగించాడు. మర్నాటి నుంచి ట్యాంకు పూర్తిగా నిండింది. మళ్ళీ ఎన్నడూ ఆగలేదు. నా పుస్తకంలోనూ నేను రాయనిది ఏదీ కనబడలేదు.

ఆ వారమే ఇద్దరు తల్లులూ తమ పిల్లల్ని వేరే వ్యానులో వేశారు. వాళ్ళ వీధి దాటేటప్పుడు నాయన అలవాటుగా హారన్ మీద చెయ్యి వేసి, తీసేసేవాడు.

ఆ రోజు గ్యాసు పోసుంటే ఏం జరిగేదో నాకు తెలియదు. ఏమీ జరిగేది కాదేమో. ఆ వాక్యం నిజమైంది నా చేత్తోనే కదా. తొమ్మిది మంది పిల్లల్ని కాపాడానో, మా నాయన దగ్గర్నుంచి ఇద్దరిని పోగొట్టానో, ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను.