గిర్ని నర్సయ్య గల్లీ

మొన్న క్లాసులో మైకులతో శబ్దం దిక్కు కనిపెట్టే పాఠం చెబుతుంటే ఒక విద్యార్థిని అడిగింది: "సార్, శబ్దం వెనకవైపు నుంచి వస్తే?" వరుసగా పెట్టిన మైకులకు ఇటువైపు, అటువైపు తేడా తెలియదని చెప్పాను. తర్వాత స్టాఫ్ రూంలో కూర్చుని, పదకొండేళ్ల కిందటే రాయాల్సిన ఉత్తరం రాశాను.

కర్నూలులో ఉదయం ఆరింటికి రైలెక్కాను. ఎదుటి సీటు పెద్దాయన అడిగాడు, "యాటికి సార్?"

"తార్నాకకు. ఒక తప్పు ఒప్పుకోవాలి."

"దానికి రైలెందుకు, ఫోనుంది కదా!" అని నవ్వి, ఉగ్గాని పొట్లం విప్పి నాకూ సగం పెట్టాడు.

పదకొండున్నరకు కాచిగూడ. అక్కడి నుంచి ఆటోలో విద్యానగర్ మీదుగా విశ్వవిద్యాలయం క్యాంపస్ దాటి తార్నాక.

అప్పట్లో నేను ఆ విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల సహాయకుణ్ణి. ఏదో మోతకు నిద్ర పట్టడం లేదని కొందరు ఫిర్యాదు చేస్తే, క్యాంపస్ అంచున ఒక మేడ మీద ఎనిమిది మైకులు వరుసగా పెట్టాను. శబ్దం ఒక్కో మైకును ఎంత సమయం తేడాతో చేరిందో చూసి దిక్కు లెక్కగట్టాను. ఆ లెక్కకు రెండు చోట్లు సరిపోయాయి: గోడ అవతల నర్సయ్య పిండి గిర్ని, ఇవతల హాస్టల్ నీళ్ల పంపు. వరుసను అడ్డంగా తిప్పి మళ్లీ కొలిస్తే తేలిపోయేది. మబ్బు పట్టింది, తీగలు చుట్టేశాను. నివేదికలో గిర్ని ఒక్కటే రాశాను. నెల తిరక్కుండా దాన్ని మూయించారు.

ఇప్పుడు ఆ గిర్ని షట్టర్ తుప్పు పట్టి ఉంది. పక్క అరుగు మీద నర్సయ్య భార్య సత్తెమ్మ చింతపండు గింజలు తీస్తోంది. ఆయన పోయి మూడేళ్లయిందట. నేనెవరో, ఏం చేశానో చెప్పాను. చెయ్యి ఆపలేదు.

"నువ్వు జెప్పాల్నా సారు? గిర్ని బంద్ అయినంక గూడ మోత అట్లనే ఉండె. మా ఆయన రోజు గీ అరుగు మీదనే కూసొని ఇనేటోడు. ఎవలకు జెప్పినా, మిషిన్ అబద్ధమాడ్తదా అన్నరు. ఫిర్యాదు జేసినోళ్లేమో ఇల్లు ఖాళీ జేసి పోయిండ్రు."

సరిగా తేల్చకుండానే మోత గిర్నిదని రాశానని ఒప్పుకున్న ఆ ఉత్తరం ఇవ్వబోయాను.

"నాకు సదువు రాదు. గల్లీల నిలబడి సదువు."

చదవడం మొదలుపెట్టాను. 'నర్సయ్య గారు' అనగానే ఆపింది.

"గట్ల ఎవలకెరుక? గిర్ని నర్సయ్య అను. జర గట్టిగ."

గట్టిగా చదివాను. ఎదురుగా ఇస్త్రీ చేస్తున్నాయన పెట్టె పక్కన పెట్టి విన్నాడు. "అయ్యో, నేను గూడ తిట్టినోన్నే," అన్నాడు. సత్తెమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నన్ను కూర్చోమనలేదు.

నాలుగున్నర రైలుకు తిరిగొచ్చేశాను. తార్నాక వెళ్లేవాళ్లెవరైనా ఆ అరుగు దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. హాస్టల్ పంపు ఇంకా మోగుతూనే ఉంది. అది క్యాంపస్ వైపు నుంచేనని కళ్లు మూసుకున్నా తెలిసిపోతుంది. ఆ రోజు మేడ దిగి గిర్ని దాకా నడిస్తే నాలుగు నిమిషాలు పట్టేది.