పెంకుల మీద పన్ను

ఆ రోజుల్లో మా ఆత్రేయపురంలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడమంటే పన్ను పీకించుకోవడానికే. నొప్పెడితే లవంగం, ఇంకా నొప్పెడితే ఉప్పునీళ్ళు, అప్పటికీ తగ్గకపోతే రాజమండ్రి బస్సు. పోయిన పన్నుని మళ్ళీ తయారుచేసే మనుషులుంటారని, అదీ మనకి ఏది కావాలో అడిగి మరీ చేస్తారని నాకు తెలిసింది నా ముందుపన్ను విరిగాకే. ఇప్పటికీ అద్దంలో చూసుకుంటే ఆ పన్ను నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంటుంది. (ముందు నవ్వేది నేనేననుకోండి, అది వేరే సంగతి.)

మాది పూతరేకుల ఇల్లు. అమ్మ రేకులు తీసేది, నేను మడతలు పెట్టేదాన్ని, నానమ్మ మా ఇద్దరికీ వంకలు పెట్టేది. టెన్త్ తప్పాక (ఒక్క లెక్కలే, మిగతావన్నీ పాసే) నేను కూడా కుండ ముందు కూర్చుని రేకు తీయడం నేర్చుకున్నాను. బోర్లించిన కుండ కింద తాటాకు మంట, పిండినీళ్ళలో ముంచిన గుడ్డ, కుండ మీద ఒక్క లాగు, అంతే, రేకు లేచేది. చేతులు ఎంత పని చేసేవో నోరు అంతకు రెండింతలు చేసేది. వీధిలో నా పేరు రేడియో. నా నవ్వు కాలవ అవతలికి వినబడుతుందని నానమ్మ బెంగ. అలాంటి సమయంలో బాబాయ్ ఒక కబురు తెచ్చాడు. టీవీవాళ్ళు వస్తున్నారట, పూతరేకులు తీయడం మా ఇంట్లోనే వీడియో తీస్తారట, ఎలా చేస్తారో చెప్పడానికి గలగలా మాట్లాడే మనిషి కావాలట. ఆ మాటకి ఇంట్లో అందరూ నా వైపే చూశారు. ఆ రోజు నుంచి నేను కుండకీ, తాటాకుల మోపుకీ, ఆఖరికి పిల్లికి కూడా పూతరేకులు ఎలా చేస్తారో చెప్పి సాధన చేశాను.

ఇక బెల్లం సంగతి. పంటికింద ఎలా విరుగుతుందో చూస్తేగానీ నానమ్మ బెల్లం ఒప్పుకునేది కాదు. తన పళ్ళు పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చింది. ఆ పొద్దున బాబాయ్ తెచ్చిన అచ్చు చలికి బిగుసుకుపోయి ఉంది. మూల పట్టుకుని కొరికాను. టక్కుమంది. "బాగా విరిగింది నానమ్మా, మంచి బెల్లమే" అన్నాను. అన్నానేగానీ మాటతోపాటు ఈల వచ్చింది. అచ్చు విరగలేదు. దాని మీద తెల్లగా చిన్న ముక్క అతుక్కుని ఉంది.

నేను ఏడుపు మొదలుపెట్టేలోపే నానమ్మ పెరట్లోంచి పేడ తెచ్చింది. ఆ ముక్కని అందులో పెట్టి ఉండ చేసి, "పాత పన్ను తీసుకో, కొత్త పన్నియ్యి" అంటూ ఇంటిమీదకి ఒక్క విసురు విసిరింది. చిన్నప్పుడు నా పాలపళ్ళన్నీ ఆ పెంకుల మీదకే వెళ్ళాయి.

"పెళ్ళీడుకొచ్చిన పిల్లకి మళ్ళీ పన్ను మొలుస్తుందా అత్తయ్యా?" అంది అమ్మ.

"ముందు పన్నే కదే, అదే ముందు మొలుస్తుంది" అంది నానమ్మ. నేను నమ్మేశాను. నిద్ర లేవగానే నాలుకతో తడిమి చూసుకునేదాన్ని. గరుకు అంచు తప్ప ఏమీ తగిలేది కాదు. నవ్వొస్తే చెయ్యి అడ్డం, మాటొస్తే పైట అడ్డం. రేడియో ఆగిపోయింది.

అది చూసి పక్కింటి వదిన పరామర్శకి వచ్చింది. "నువ్వేం బాధపడకమ్మా. ఆ రోజు నువ్వు తలొంచుకుని రేకు తియ్యి. మాట్లాడ్డానికి నేనున్నాను కదా" అంది. చేతిలో కొత్త జాకెట్టు గుడ్డ ఉంది, అప్పుడే టైలరు దగ్గరికి వెళ్తోందిట. అమ్మ ఆ గుడ్డ చూసింది, నా మొహం చూసింది. "రేపు పొద్దున్నే రాజమండ్రి వెళ్దాం, తయారవ్వు" అంది.

బయల్దేరేముందు అందరూ సలహాలిచ్చారు. "బంగారప్పన్ను పెట్టించెయ్యండి వదినా, టీవీలో తళుక్కుమంటుంది" అన్నాడు బాబాయ్. నానమ్మ పెళ్ళిళ్ళకి మాత్రమే పెట్టుకునే తన కట్టుడు పళ్ళ సెట్టుని గిన్నెతో సహా తెచ్చి, "కొలతకి పట్టుకెళ్ళండే, సరిపోతే అదే పెట్టించెయ్యండి" అంది. ఆనకట్ట మీద బస్సు వెళ్తుంటే, ఎప్పుడూ గోదారిని చూసి కేకలేసే నేను నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నాను.

డాక్టరమ్మ నాకంటే కొంచెమే పెద్దదానిలా ఉంది. ఆ కుర్చీ ఉంది చూశారూ, ఆవిడ కాలితో ఏదో నొక్కితే నన్ను మోసుకుంటూ పైకి లేచింది. తిరునాళ్ళలో రంగులరాట్నం కూడా అంత మెత్తగా లేవదు. నెత్తిమీద దీపం సూర్యుడిలా వెలిగింది. ఆవిడ నా నోట్లోకి చూసి, "ముక్క తెచ్చారా?" అంది.

"ఏ ముక్కండి?" అంది అమ్మ.

"విరిగిన ముక్క. పాలల్లోనో నీళ్ళల్లోనో వేసి తెస్తే, సరిగ్గా కూర్చుంటే దాన్నే అతికించేదాన్ని."

అమ్మ నన్ను చూసింది, నేను దీపాన్ని చూశాను. "పెంకుల మీద ఉందండి" అన్నాను.

"ఎక్కడా?"

"మా ఇంటిమీదండి. మొలుస్తుందని మా అత్తగారు పేడలో పెట్టి విసిరేశారండి" అంది అమ్మ.

డాక్టరమ్మ అటు తిరిగి బీరువాలో ఏదో వెతికింది. ఆవిడ భుజాలు కదలడం నాకు కనబడుతూనే ఉంది. మళ్ళీ ఇటు తిరిగి, "మా అమ్మమ్మ కూడా నా పాలపళ్ళు అలాగే విసిరేది. కానీ ఈ వయసులో ఇల్లు ఇవ్వదమ్మా, మేమే ఇవ్వాలి" అంది. చల్లటి దూది పంటికి తాకించింది. "జివ్వుమందా?"

"ఆయ్, జివ్వుమందండి."

"మంచిదే. పంటిలో ప్రాణముంది." అమ్మ అక్కడే దణ్ణం పెట్టేసింది. నా మట్టుకు నాకు పంటికి కూడా ప్రాణముంటుందన్న మాటే ఒళ్ళు జలదరించేలా చేసింది. ఇన్నాళ్ళూ దాంతో బెల్లం అచ్చులు కొరికించానా అనిపించింది.

తర్వాత ఆవిడ చెప్పినవి వింటుంటే నాకు కొట్లో చీరలు పరిచినట్టే అనిపించింది. లోపల ప్రాణం పోయి ఉంటే నరం శుభ్రం చేసి పైన క్యాపు వేసేవాళ్ళట. ఇప్పుడైనా క్యాపు వేయొచ్చుగానీ, దానికి బాగున్న పన్నుని కూడా చుట్టూ అరగదీయాలట. పింగాణీతో పల్చటి రేకు చేయించి ముందువైపు అతికించొచ్చుట, అది తయారై రావడానికి రోజులు పడతాయట. (రేకు అనగానే నేను సగం లేచి కూర్చున్నాను.) అవేవీ వద్దంటే పన్ను రంగు ముద్దతో విరిగిన మూల ఈ రోజే కట్టేయొచ్చుట. "కాకపోతే టీకి రంగు మారుతుంది. గట్టివి కొరికితే ఊడుతుంది. బెల్లం జోలికి వెళ్ళకూడదు" అంది.

"టీవీలో మాట్లాడాలండి. మూల కట్టేయండి" అన్నాను.

బుల్లి బుల్లి పళ్ళు గుచ్చిన పట్టీ ఒకటి తీసి, కిటికీ వెలుతురులో నా పంటి పక్కన ఒక్కోటీ పెట్టి చూసింది. చీరకి జాకెట్టు గుడ్డ చూసినట్టే. అమ్మ వంగి, "ఇంకొంచెం తెల్లది పెట్టండి డాక్టరుగారండి" అంది. "పక్క పళ్ళు ఒప్పుకోవండి" అంది ఆవిడ. తర్వాత రవ్వంత ముద్ద పెట్టి, నీలం దీపం చూపించి, మళ్ళీ రవ్వంత పెట్టి, మళ్ళీ దీపం. పొర మీద పొర. నీలం వెలుతురు తగిలేసరికి మెత్తటిది రాయి అయిపోతోంది. రేకు చిరగకుండా లేచేటప్పుడు మా అమ్మ ఊపిరి బిగబట్టినట్టే ఆవిడా బిగబట్టింది. నేను కళ్ళు మూసుకోవాలని కూడా మర్చిపోయాను. అద్దం ఇచ్చారు. నా పన్ను నాకుంది. ఏది పాతదో ఏది కొత్తదో నాకే తెలియలేదు. నవ్వాలనుకున్నాను, ఏడుపొచ్చింది.

టీవీవాళ్ళు వచ్చారు. నేను ఆగకుండా మాట్లాడాను. ఈల లేదు. వదిన కొత్త జాకెట్టుతో గుమ్మంలో నిలబడి విసుక్కుంది. ప్రసారం రోజు వీధంతా మా ఇంట్లోనే. తెరమీద కుండ, మంట, గుడ్డ లాగే రెండు చేతులు, గాల్లోకి లేచే రేకు. మాటలన్నీ ఎవరో ఆవిడ చెప్పేసింది. నా మొహం రాలేదు, పన్ను అసలే రాలేదు. ఆఖర్లో రేకు మడత పడుతుండగా, టీవీలోనే ఎక్కడినుంచో పగలబడి నవ్విన నవ్వు ఒకటి వినబడింది.

"అదుగో, మన రేడియో" అంది వదిన, అందరికంటే ముందు.

నానమ్మ అయితే చాలాకాలం అందరికీ ఒకటే చెప్పేది, "ఇల్లే ఇచ్చిందే, కాస్త ఆలస్యంగా."

మొన్న ఇంకో డాక్టరు చూసి, ఆ మూల పసుపెక్కింది, ఇప్పుడు ఇంకా మంచి రకాలొచ్చాయి, మార్చేద్దామా అన్నారు. వద్దండి, ఉండనివ్వండి అన్నాను. ఎందుకు అని అడిగారు. చెప్పడం మొదలుపెట్టాను. బయట కూర్చున్నవాళ్ళు కూడా తొంగి చూసేంత గట్టిగా నవ్వాను.