ముక్కు దారి

మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి హైదరాబాదు వచ్చి కాప్రాలో కాపురం పెట్టాం. మా అమ్మాయికి మూర్ఛ. ఒకసారి ఫిట్స్ చాలాసేపు ఆగక, లేచాక సాయంత్రం దాకా మాట రాలేదు. అప్పట్నుంచి ఫిట్స్ వస్తే వెంటనే ఆపాలి, అదే మా బెంగ. ఆ రోజుల్లో ఇచ్చిన మందు వెనకనుంచి ఎక్కించాలి. నలుగురిలో పడిపోతే ఆడపిల్ల గౌను ఎలా ఎత్తుతాను? అందుకని దాన్ని పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తీసుకెళ్ళడమే మానేశాం.

కొన్నాళ్ళకి డాక్టరుగారు ముక్కులో కొట్టే మందు రాశారు. మా ఆయనకి నమ్మకం కుదర్లేదు. ‘ముక్కులో కొడితే మెదడుకెలా వెళ్తుంది?’ అని ఒకటే నస. చాటుగా పొడుం పీల్చే మా అత్తగారు మాత్రం, ‘ముక్కులో ఏసింది తలకెక్కదేటి? నాకు తెల్దేటి?’ అని గుట్టు తానే బయటపెట్టుకుంది. నవ్వాపుకోలేకపోయాను.

ఆ ధైర్యంతోనే నేనూ, అత్తగారూ, పిల్లా ముగ్గురం బోయిన్‌పల్లి మార్కెట్టుకి వెళ్ళాం. ఉల్లిపాయల రాశి దగ్గర పిల్ల పడిపోయింది. క్షణంలో జనం మూగారు. ఎవరో తాళాలగుత్తి దాని చేతిలో కుక్కారు. కొట్టాయన ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కుకి అదిమిపెట్టాడు.

‘వాసన గట్టిగ తగలాలె. జెర ఆగుండ్రి.’

నాకు ఒళ్ళు మండిపోయింది, సంచిలోంచి మందు బయటికి తీశాను. అత్తగారు పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టి, కొట్టాయన చెయ్యి పట్టుకుంది.

‘ఉల్లిపాయ తియ్యి బాబూ. ఆ ముక్కు మాక్కావాల.’

ఆయన తెల్లబోయి తీసేశాడు. నేను రెండు ముక్కుల్లోనూ మందు కొట్టాను. కాసేపటికి చేతులు కొట్టుకోవడం తగ్గింది, దవడ వదులైంది. ఆ మందు కనిపెట్టిన మహానుభావులెవరో గానీ, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. గౌను అంచు మోకాళ్ళ మీదే ఉంది.

పిల్ల మెల్లగా కళ్ళు తెరిచింది. మాట వస్తుందా రాదా అని దాని పెదాలవైపే చూస్తున్నాను.

‘అమ్మా, అందరూ నన్నెందుకు చూస్తున్నారు?’

నేను దాని జుట్టు సర్దుతున్నాను. కొట్టాయనే జవాబిచ్చాడు.

‘నిన్ను కాదు బిడ్డా, ఉల్లిగడ్డలు చూస్తున్నరు.’

అంతమందీ నిజంగానే ఉల్లిపాయల వైపు తల తిప్పేశారు. వాళ్ళకి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.