పాత జీపుకు డీజిల్ ఇంజను, అక్క చేనుకు దారి

మా అక్క ఫోన్ చేసేది తక్కువ. చేసినా పిల్లల చదువులు, నా గ్యాస్ట్రబుల్ అడిగి పెట్టేస్తుంది. ఆ శుక్రవారం మాత్రం ఒకటే మాట చెప్పింది. "మీ బావ వాగవతల చేను గూడ అమ్ముతడట తమ్మీ. ఐతారం పొద్దుగాల బయానా ఇయ్యనీకి వస్తున్నరు."

ఆ చేను గురించి కాస్త చెప్పాలి. సాగర్ రోడ్డు పొడవునా భూముల ధరలకు రెక్కలొచ్చిన రోజులివి. ఇబ్రహీంపట్నం దాటాక మంచాల రోడ్డు వైపు ఊళ్లో ఉండే బావ, ఉన్న మూడు ముక్కల్లో రెండు అమ్మేసి, మిగతావాళ్ల పొలాలు కూడా అమ్మిపెట్టే పనిలోకి దిగాడు. మిగిలింది వాగు అవతలి రెండెకరాల రేగడి. అందులో అక్క టమాట, వంకాయ పండిస్తుంది. వానలు పడితే ఆ బాటన ఆటో రాదు, ట్రాక్టరు వాళ్లు రామంటారు. గంపలు నెత్తిన పెట్టుకుని వాగు దాటి, రోడ్డు దాకా అక్కే మోయాలి. సగం పంట చేనులోనే కుళ్లిపోతుంది. "పోనీకి తొవ్వ లేని చేను ఉంటే ఎంత, లేకుంటే ఎంత?" అన్నది బావ వాదన. తప్పని చెప్పడానికి నా దగ్గర ఒక్కటే జవాబుంది: ఆయన ఇంట్లో మూడేళ్లుగా మూలుగుతున్న పాత పెట్రోలు జీపు.

నాకు జీపుల పిచ్చి. తాగుడు మానిపించే వాళ్లున్నారు గాని జీపులు మానిపించే వాళ్లు లేరని మా ఆవిడ బాధపడుతుంటుంది. మిలిటరీ వేలంలో బావ వాళ్ల నాన్న కొన్న ఆ బండికి డీజిల్ ఇంజను పెట్టించే పని నెల ముందే మొదలుపెట్టాను. ఇలాంటి పని తలపెట్టేవాళ్లకు ఒక మాట. ఇంజను ఒకచోట, గేర్‌బాక్సు ఇంకోచోట చవగ్గా దొరికాయని కొనకండి. క్లచ్ ప్లేటు మధ్యలో ఉండే పళ్లు గేర్‌బాక్సు షాఫ్టు పళ్ల మీద సరిగ్గా కూర్చోవాలి, రెండింటినీ కలిపే డిప్ప బోల్టు రంధ్రాలు కలవాలి, షాఫ్టు కొస ఇంజను లోపలి బుష్ దాకా అందాలి. అందుకే తుక్కుకు పోతున్న ఒక డీజిల్ జీపు నుంచి ఇంజను, క్లచ్, గేర్‌బాక్సు కలిపి ఒకే సెట్టుగా ముప్పై ఐదు వేలకు కొన్నాను. బిగించడానికి మరో ఐదు వేలు. అక్క ఫోన్ వచ్చే నాటికి బిగింపు పూర్తయింది, నడిపి చూడటమే మిగిలింది. వెంటనే బావకు ఫోన్ చేశాను.

"రేపు జీపు చేను దాక పోతే?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకురా బామ్మర్దీ?" అని నవ్వాడు. మళ్లీ తనే, "పోతే చేను అమ్మను. పో" అన్నాడు. బావకు ఎన్ని గుణాలున్నా ఆడిన మాట తప్పే గుణం లేదు.

శనివారం పొద్దున్నే ఎల్బీనగర్‌లో బస్సెక్కాను. సిటీ బస్సులు చాలానే ఉంటాయి. గంటకు కాస్త పైన పడుతుంది. తుర్కయాంజాల్ దాటితే కిటికీ నిండా వెంచర్ల జెండాలు, మన్నెగూడ చౌరస్తాలో బస్సు నిండా ప్లాట్లు చూడ్డానికి పోయేవాళ్లు. కండక్టరు నన్నూ ఆ లెక్కలోనే వేశాడు. "ఏ వెంచర్ అన్నా? దించాలె గద" అన్నాడు. జీపు కోసమన్నాను. "గిన్ని కార్లొచ్చినంక జీపెందుకే!" అని జాలిగా చూసి చిల్లర చేతిలో పెట్టాడు. ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా పూరీ తిని, షేర్ ఆటోలో, జీపుకు ఇంజను బిగించిన మెకానిక్కు సత్తన్న షెడ్డు దగ్గర దిగాను.

సత్తన్న మాట తక్కువ మనిషి. తాళం చెవి నా చేతిలో పెట్టి దూరంగా నిలబడ్డాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. క్లచ్ మెత్తగా ఉంది, గేర్లు వెన్నలా పడుతున్నాయి. నెల రోజుల తిరుగుడు ఆ ఒక్క నిమిషంలో తీరిపోయింది. తెల్ల చొక్కా, రెండు సెల్‌ఫోన్లతో వచ్చిన బావ స్టీరింగు పట్టుకున్నాడు. సత్తన్ననూ వెంటబెట్టుకుని, ఊళ్లో అక్కను ఖాళీ గంపలతో సహా ఎక్కించుకుని వాగు వైపు బయల్దేరాం.

వాగు ఒడ్డున బురద మొదలయ్యేచోట బావ బండి ఆపి, ముందు చక్రాలకు కూడా బలం అందించే గేరు వేశాడు. నాలుగు చక్రాలూ కలిసి లాగితేగాని ఆ రేగడి దాటలేం. బండి పది అడుగులు కదిలింది, వణికింది, కింద నుంచి ఫట్‌మని చప్పుడొచ్చి ఇంజను ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ అదే. వేసిన గేరు బయటికి రాదు. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యిలా అయింది. నా మొహం ఎలా ఉందో గాని బావ మాత్రం ఫోన్ తీసి టైము చూసుకున్నాడు. అది చూసి నాకు ఒళ్లు మండింది.

సత్తన్న కింద దూరి చాలాసేపు చూశాడు. "గేర్‌బాక్సే తేడా ఉన్నట్టుందన్నా. మొత్తం దించాలె. రెండు దినాలైతది" అన్నాడు. రెండు రోజులంటే ఆదివారం దాటిపోతుంది. నేనేమో సెట్టు కలిపి కొన్నానని నెల రోజులు గొప్పలు చెప్పుకున్నవాణ్ణి.

అప్పుడు గంపల మధ్య కూర్చున్న అక్క అడిగింది. "గేర్‌బాక్సుకు ఏమైతది? ఎనక హౌసింగ్ మార్పించె గద మీ బావ?"

"ఏ హౌసింగ్?" అన్నాడు సత్తన్న.

"అగో, రోజూ బర్రెను దేనికి కట్టేస్తున్న నేను?"

బావ తల దించుకున్నాడు. సంగతి అదీ. ప్లాట్లు చూసేవాళ్లను హైవే మీద తిప్పాలంటే పాత జీపు నత్తనడకని, నాలుగేళ్ల కిందట పట్నంలో ఎవరిచేతనో వెనక ఇరుసు మొత్తం, అంటే మెకానిక్కులు హౌసింగ్ అనేది, తీయించి వేగంగా తిరిగేది వేయించాడు. తీసేసిన పాతది కొట్టంలో బర్రెను కట్టేయడానికి పనికొచ్చింది. ముందుది మార్పించలేదు. "ముంగటి చక్రాలు ఊకెనే తిరుగుతయి గద, వాటికెందుకు ఖర్చు అనుకున్న" అన్నాడు. రోడ్డు మీద అది నిజమే. ఆ తర్వాత బండి బురద మొహం చూసింది లేదు గనుక తేడా బయటపడలేదు. సత్తన్న ముందు చక్రాల షాఫ్టు విప్పి, ఒక్కో చక్రాన్నే జాకీ మీద లేపి, చేత్తో రెండు చుట్లు తిప్పి షాఫ్టు చుట్లు చూశాడు. వెనక నాలుగు చుట్ల పైచిలుకు, ముందు అయిదు దాటింది. వెనక చక్రాలు తోస్తుంటే ముందు చక్రాలు పట్టి ఆపుతున్నాయి. ఇంజనూ గేర్‌బాక్సూ పాపం ఆ పోట్లాట మధ్యలో నలిగాయి.

"ముందుది గూడ స్పీడుది దొరుకుతదా?" అని అడిగాడు బావ.

"దేవులాడాలె. నెల పట్టొచ్చు. పాతది ఎనకకు పెడితే ఇయ్యాలనే అయితది. గని అన్నా, మళ్ల రోడ్డు మీద యాభై దాటదు. నీ ప్లాట్ల గిరాకికి పనికి రాదు."

బావ వాగు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒక ఫోను మోగింది, ఎత్తలేదు. మాట ఇచ్చింది జీపు పోతే అమ్మనని. జీపు పోలేదు గనుక ఇప్పుడు అమ్మినా ఆయన మాట తప్పినట్టు కాదు. అక్క ఖాళీ గంపలు ఒకదాంట్లో ఒకటి సర్దుతోంది. నేను నోరు తెరవబోతే కళ్లతోనే వద్దంది. చివరికి బావ సత్తన్నతో, "పాతదే పెట్టు" అన్నాడు.

ముందు షాఫ్టు లేకుండానే బండిని షెడ్డుకు నడిపించాం. కొట్టంలో పేడలో సగం కూరుకుపోయిన ఇరుసును తవ్వి తీయడానికి నలుగురం పట్టాం. బర్రె మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూసింది. మూత విప్పితే లోపల నూనె నల్లబడింది గాని గేరు పళ్లు నిగనిగలాడుతున్నాయి. బ్రేకులు తుప్పు పట్టాయి, వాటి బదులు విప్పిన ఇరుసువే వేశాడు సత్తన్న. ముందు షాఫ్టునూ మళ్లీ బిగించాడు. కూలి పదిహేను వందలు. ఆ స్పీడు ఇరుసు ఇంటికి పోయి కొట్టంలో పడింది.

పొద్దు వాలుతుండగా మళ్లీ వాగు దగ్గరికొచ్చాం. బావ ముందు చక్రాల గేరు వేశాడు. బండి వణకలేదు. మూలుగుతూ, ఏమాత్రం తొందర లేకుండా బురదలోకి దిగి, అవతలి గట్టెక్కి, టమాట చాళ్ల పక్కన ఆగింది. ముగ్గురం ఆరు గంపలు తెంపాం. చీకటి పడకముందే బండి తిప్పాం. అయిదు గంపలు వెనక పెట్టి, ఆరోది ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది అక్క.

"ఎనక జాగ ఉన్నది గద, దింపరాదే" అన్నాడు బావ.

అక్క ఒళ్లోని గంప వైపు కొత్తగా చూసుకుంది. "అవ్ గదా" అంది. ఇన్నేళ్లూ బరువు తన మీదే ఉండాలన్నట్టు అలవాటైపోయింది ఆమెకు. బావ బండి ఆపి, దిగి, ఆ గంపను తనే తీసుకెళ్లి వెనక పెట్టాడు. వచ్చి కూర్చున్నాక ఫోన్ తీసి, "రేపు రాకుండ్రి. లే, రేటు గురించి కాదు. అమ్ముతలేను" అని చెప్పాడు.

బావను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేనుండే ఫ్లాటు కింద కూడా ఎవరి జొన్నచేనో ఉండేది. వచ్చే ఏడు ఆయన మనసు మారదనీ చెప్పలేను, రేట్లు అలా ఉన్నాయి. కాని ఆ సాయంత్రం వేగం వదులుకున్న మనిషి మొహంలో ఓడిపోయిన గుర్తు కనబడలేదు. అది చూశాక నెల రోజుల నా జీపు పిచ్చి ఒక మంచి పనికి అక్కరకొచ్చిందని తృప్తిగా అనిపించింది.

మీరూ పాత జీపుకు ఇంజను మార్చాలనుకుంటే, ముందుగా ఇంత చేయండి. న్యూట్రల్‌లో ఉంచి, వెనక ఒక్క చక్రాన్నే జాకీ మీద లేపి రెండు పూర్తి చుట్లు తిప్పండి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో చూడండి. ముందు చక్రానికీ అలాగే చేయండి. రెండు లెక్కలూ కలిస్తేనే ఇంజను కొనండి. కలవకపోతే, బండి ఎవరిదైనా సరే, ఆ ఇంటి ఆడవాళ్లను అడగండి.