తాళంలో తిట్టు

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని జమ్మలమడుగు నుంచి ముద్దనూరు వైపు పోయే రోడ్డు మీద పరిగెత్తడం తెలివితక్కువ పని. పొద్దున్నే థర్మల్ ప్లాంటు బూడిద మోసే ట్యాంకర్లు ఆ రోడ్డు మీద తిరుగుతుంటాయి. వాళ్ళు హారన్ కొడతారు, మనకు వినపడదు. ఒక డ్రైవరు నా పక్కనే బండి ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, మా ఇంట్లోవాళ్ళను, నేను చదివిన చదువును, నా బూట్లను వరసగా తిట్టి పోయాడు. నేను ఒక చెవిది మాత్రమే తీసి విన్నాను. రెండో చెవిలో పాట నడుస్తూనే ఉంది. హీరో కాలు పెడితే భూమి అదురుతుందని నలుగురు గాయకులు గొంతు చించుకుంటున్నారు. డ్రైవరు తిట్లకన్నా ఆ పాటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. కాలు పెడితే నా మోకాలు తప్ప ఏదీ అదరడం లేదు.

అప్పటికి నేను డిప్లొమా పూర్తిచేసి, ఆ ప్లాంటులోనే కాంట్రాక్టరు కింద మీటర్లు, గేజులు సరిచూసే పని చేస్తున్నాను. జమ్మలమడుగులో గది. కానిస్టేబుల్ ఉద్యోగానికి మొదటి రాతపరీక్ష గట్టెక్కాను. తర్వాతది దేహదారుఢ్య పరీక్ష. అందులో పదహారు వందల మీటర్లు ఎనిమిది నిమిషాల్లోపు పరిగెత్తాలి. ఛాతీ కొలత, లాంగ్ జంప్ నాకు భయం లేదు. పరుగే భయం. అంతకుముందు ఒకసారి అక్కడే పోయింది. వయసు లెక్కన ఇదే ఆఖరి అవకాశం. మళ్ళీ ప్రకటన వచ్చేసరికి నేను అర్హుణ్ణి కాను.

లోపం ఎక్కడుందో కొలిచి చూసుకున్నాను. నాకు ఊపిరి చాలుతుంది, కాళ్ళు చాలుతాయి. అడుగు ఒక వేగంలో నిలవదు. మొదట్లో తొందరపడతాను, మధ్యలో జారిపోతాను. అడుగును పట్టి ఉంచేది ఏదైనా చెవిలో ఉంటే, రెండు మూడు నెలల్లో కాళ్ళకు అలవాటవుతుందని నా ఆలోచన. అందుకే పాటల వేట మొదలుపెట్టాను. సరదాకు కాదు. నాకు మామూలుగా పాటలంటే ప్రేమేమీ లేదు. ఆ వేట పూర్తయ్యేసరికి ఉన్న కాస్త ఓర్పూ పోయింది.

పాట వేగాన్ని కొలిచే యాప్ ఒకటి పెట్టుకుని, ఫోనులో ఉన్నవన్నీ జల్లెడ పట్టాను. హీరో ఎంట్రీ పాటలు వేగంగా ఉంటాయి గానీ మధ్యలో ఎవడో డైలాగు చెప్పడానికి తాళం ఆపేస్తారు. ఆ ఆగినచోట నా కాలూ ఆగుతుంది. ప్రేమ పాటలు పరుగుకు పనికిరావు, నడకకూ పనికిరావు. డీజే పాటలకు తాళం ఆగదు నిజమే, కానీ మొదటి నుంచి చివరిదాకా ఒకే దెబ్బ. రెండో పాటకే ఎవరో నెత్తిన మేకు కొడుతున్నట్టు ఉంటుంది. వ్యాయామం కోసమని తయారుచేసిన పాటల్లో ఒక గొంతు నన్ను మెచ్చుకుంటూనే ఉంటుంది. నువ్వు చేయగలవు, ఆగొద్దు, నువ్వు సింహానివి అని. నా ముఖం చూడని మనిషి నన్ను మెచ్చుకుంటే ఒళ్ళు మండుతుంది.

ట్యాంకర్ల దెబ్బకు గది ప్రొద్దుటూరుకు మార్చాను. అక్కడ ఒక కాలేజీ గ్రౌండు ఉంది. రౌండ్లు కొట్టడానికి సున్నంతో గీత గీసిన దారి ఉంది. ఇక ఇబ్బంది లేదనుకున్నాను. కానీ ఆ దారి పొద్దున పూట బంగారు అంగళ్ళ వాళ్ళది. నలుగురు ఒక వరసలో, లోపలి గీత పట్టుకుని, పెళ్ళిలో వడ్డనకు నిలబడ్డట్టు నడుస్తారు. ముందురోజు బంగారం ఎంత పెరిగిందో, ఎవరి అంగడికి ఎవరు వచ్చి ఎవరి అంగడికి పోయారో మాట్లాడుకుంటారు. ఒకాయన జేబులో చిన్న స్పీకరు. అందులో భక్తి పాట, ఎప్పుడూ అదే, ఎప్పుడూ అంతే గట్టిగా. నా ఇయర్‌ఫోన్లలోంచి కూడా దూరి వచ్చేది. నా పాట ఒక వేగం, ఆయన పాట ఇంకొక వేగం. ఆయనను దాటిన ప్రతిసారీ నా అడుగు తప్పేది.

ఒకరోజు పక్కన ఆగి, లోపలి గీత పరిగెత్తే వాళ్ళకు వదలమని, స్పీకరు కాస్త తగ్గించమని అడిగాను. మర్యాదగానే అడిగాను. ఆయన నడక ఆపకుండానే నన్ను బూట్ల నుంచి తలదాకా చూశాడు.

"ఏందప్పా, గ్రౌండు మీ నాయన రాసిచ్చినాడా? నీ సెవుల్లో నువ్వు పెట్టుకున్యావు. నా జోబులో నేను పెట్టుకున్యా. నేనేమన్నా నిన్ను ఆపమన్నానా?"

పక్కనున్న ముగ్గురూ నవ్వారు. అందులో నా పరుగు ఎందుకో తెలిసిన ఒకాయన, పోలీసు కాకముందే ఇట్లుంటే అయినాక మన అంగళ్ళు మూయిస్తాడని అన్నాడు. మరుసటి రోజు నుంచి స్పీకరు శబ్దం ఇంకాస్త పెంచారు. నేను వాళ్ళ వెనక నుంచి పోయేటప్పుడు చెప్పకుండా, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా పోవడం మొదలుపెట్టాను.

ఆదివారం పులివెందులలో ఇంటికి పోయినప్పుడు ఇదంతా అమ్మ ముందర కక్కాను. అమ్మ నా లెక్కలేవీ వినలేదు. ఆగకుండా, పోను పోను జోరెక్కే పాట కావాలంటే మామ దగ్గర ఉంది కదా అంది. నాకు తట్టనే లేదు. కావాలనే తట్టనివ్వలేదేమో.

మామ అంటే అమ్మ తమ్ముడు. వేముల దగ్గర పల్లెలో గొర్రెల మంద ఉంది, ఇప్పుడు కొంత చీనీ, అంటే బత్తాయి, తోట కూడా. ఆయన చెక్కభజన గురువు. మగవాళ్ళు గజ్జెలు కట్టి, చేతుల్లో చెక్కలు వాయిస్తూ, దీపస్తంభం చుట్టూ గుండ్రంగా అడుగులేస్తారు. గురువు మధ్యలో తాళాలు పట్టుకుని పాట చెబుతాడు. ఆయన ఒక చరణం అంటే, గుంపంతా అదే తిరిగి అంటుంది. పాట మెల్లగా మొదలై, గురువు ఇష్టప్రకారం వేగం పెరుగుతుంది. మధ్యలో ఎవరూ గుంపు విడిచి బయటికి రాకూడదు. ఎవరైనా అడుగు తప్పితే గురువు పాట ఆపడు. తాళంలోనే, పాట బాణీలోనే తిడతాడు. తిట్టు అయ్యాక మళ్ళీ చరణంలోకి వచ్చేస్తాడు.

చిన్నప్పుడు నేను ఆ గుంపులో కొన్నాళ్ళు ఉన్నాను. అడుగు నిలవడం లేదని నన్ను తీసేశారు. పదిమందిలో, పాట మధ్యలో, చెక్కలు లాక్కుని తీసేశారు. ఆయనకు నేనంటే పడకపోవడానికి తర్వాత ఇంకో కారణం కూడా వచ్చింది. ఒకసారి ఎవరో పెద్దవాళ్ళ కార్లు పోతున్నాయని పోలీసులు ఆయన మందను ఎండలో రోడ్డు పక్కన పొద్దుగూకేదాకా నిలబెట్టారు. రెండు చూడి గొర్రెలు చచ్చాయి. నేను ఆ ఉద్యోగానికే పరిగెత్తుతున్నానని తెలిసిన నాటి నుంచి మా ఇంటికి రావడం మానేశాడు.

ఫోను చేసి, భజన రికార్డు చేసుకుంటానని అడిగాను. ఎందుకని అడిగాడు. చెప్పాను.  రామనవమి ముందర గుడి దగ్గర ఆడతాండామని, వస్తే రమ్మని, తనను మాత్రం ఏమీ అడగొద్దని పెట్టేశాడు.

ఆరోజు పొద్దున డ్యూటీ ఉండి, మధ్యాహ్నం మీద ప్రొద్దుటూరులో పరుగు ముగించి నేరుగా బైకు మీద పల్లెకు పోయాను. పోయేసరికి పొద్దు వాలుతోంది, భజన మొదలైంది. శబ్దం శుభ్రంగా రావాలంటే మూలం నుంచి ఎంత దూరంలో ఉండాలన్నది నాకు తెలుసు కాబట్టి, ఫోను పట్టుకుని గుంపు సందులోంచి లోపలికి నడిచాను. తెలిసినవాళ్ళు ఎవరూ చేయని పని అది. చెప్పులు విడిచే చోటు గుడికి చాలా దూరంలోనే ఉంటుంది. నేను బూట్లతో దీపస్తంభం దగ్గర నిలబడ్డాను.

మామ చూశాడు. తాళం ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

"బూట్లు ఏసుకొని వచ్చినోడా, గుడి ముందర నిలిచినోడా, అడుగు రానోడా, అడ్డం లెయ్."

ఆ గుంపుకు ఏళ్ళ అలవాటు. గురువు నోట ఏది వస్తే అది తిరిగి అనడమే వాళ్ళ పని. పాతవాళ్ళయితే తిట్టును వదిలేస్తారు, కానీ గుంపులో సగం మంది ఆ ఏడాది చేరినవాళ్ళు, వాళ్ళ వెంట మిగతావాళ్ళూ అందుకున్నారు. పదహారు మంది మగవాళ్ళు, చెక్కలు వాయిస్తూ, గజ్జెల కాళ్ళు ఒక్కసారిగా వేస్తూ, నా చుట్టూ తిరుగుతూ అదే అన్నారు. అడుగు రానోడా, అడ్డం లెయ్. అరుగుల మీద ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను బయటికి రావాలంటే గుంపును చీల్చుకుని రావాలి. ఆ వేగంలో సందు దొరకలేదు. వాళ్ళు తిరుగుతున్నంతసేపూ మధ్యలో నిలబడి ఉన్నాను. మామ వేగం పెంచాడు. ఇంకోసారి అదే చరణం చెప్పాడు. అది మరిచిపోయి చెప్పింది కాదు.

ఆఖరు దెబ్బ పడ్డాక నేరుగా బండెక్కి వచ్చేశాను. ఫోను మాత్రం ఆపలేదు.

గదికి వచ్చి విన్నాను. రికార్డు బాగా వచ్చింది. వేగం మెల్లగా మొదలై ఎక్కడా జారకుండా పెరిగింది. ఏ యంత్రమూ పెట్టకుండా అంత సమంగా పెంచగలడంటే నాకు ఇంకా మంట పుట్టింది. తిట్టు వచ్చిన రెండు చోట్లా కత్తిరించి, అతుకు తెలియకుండా కలిపాను. దానితో వారం రోజులు పరిగెత్తాను. మూడో రౌండులో, సరిగ్గా అతుకు ఉన్న చోట, కాళ్ళు బరువెక్కేవి. మొదట కాకతాళీయం అనుకున్నాను. తర్వాత కత్తిరించనిది పెట్టి చూశాను. బంగారు అంగడి ఆయన వీపు ఎదురుగా ఉంది, ఆయన స్పీకరు మోగుతోంది, నా చెవిలో పదహారు మంది నన్ను తిట్టారు. నేను ఆ నలుగురినీ దాటి, మూల తిరిగి, మళ్ళీ వెనక నుంచి వచ్చేదాకా వేగం తగ్గలేదు. ఇక నా ఫోనులో వేరే పాట లేకుండా తీసేశాను. నా మేనమామ నన్ను పదిమందిలో ఛీ కొట్టిన రికార్డు ఒక్కటే మిగిలింది.

పరీక్ష కడపలో. గేటు దగ్గరే ఫోన్లు, ఇయర్‌ఫోన్లు అన్నీ తీసుకుని సంచుల్లో వేశారు. అది ముందే తెలిసిందే. మూడు నెలలు విన్నదాన్ని తలలోనే నడిపించుకోగలనని లెక్క వేసుకున్నాను. విజిల్ పడ్డాక తెలిసింది, తల రికార్డును మొదటి నుంచి మొదలుపెట్టదు. నేరుగా తిట్టు దగ్గరికి పోతుంది. మొదటి రౌండు తిట్టు వేగంతో పరిగెత్తాను. మూడో రౌండుకు ఛాతీలో గాలి లేదు, తలలో తాళం లేదు. ముందర ఒక మనిషి, నల్ల బనియన్, నాకన్నా ఒడ్డూ పొడవూ ఉన్నవాడు, వాడూ అలసిపోయి అడ్డదిడ్డంగా అడుగులు వేస్తున్నాడు. వెనకాల వాచీ పట్టుకున్నాయన ఇంకో రౌండు అని అరుస్తున్నాడు. ఇక్కడ పోతే, ప్లాంటులో గేజులు తుడుస్తూ ఉండిపోవడమే.

తల పనిచేయకపోతే నోటితోనైనా తాళం వేద్దామనుకున్నాను. ఎడమ కాలు పడినప్పుడు ఒక ముక్క, కుడి కాలు పడినప్పుడు ఒక ముక్క. అడుగు, రానోడా, అడ్డం, లెయ్. రెండుసార్లు అనేసరికి కాళ్ళు కుదిరాయి. మూడోసారికి నల్ల బనియన్ వెనక్కి తిరిగాడు.

"ఎవన్నిరా అంటాండావు?"

జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. ఉన్న ఊపిరి తాళానికే సరిపోతోంది. మళ్ళీ అదే అన్నాను. వాడి ముఖం మారింది. దాటుతున్న నన్ను దాటనివ్వలేదు. వాడు జోరు పెంచాడు, నేను తిట్టు ఆపలేదు. ఆపితే నా కాలు ఆగుతుంది. ఆఖరి మలుపులో మోచేయి వేశాడు, నేనూ వేశాను. ఇద్దరమూ ఒకరి మీద ఒకరికి ఉన్న ద్వేషం తప్ప ఇంకేమీ లేకుండా గీత దాటాం. ఎనిమిది నిమిషాలకు కాస్త లోపలే దాటాం.

వాడు వంగి కక్కుకుని, లేచి, నా గల్లా పట్టుకున్నాడు. ఎవర్ని అన్నావో ఇప్పుడు చెప్పమన్నాడు. నన్నేనని చెప్పాను. నమ్మలేదు. డ్యూటీలో ఉన్న కానిస్టేబులు వచ్చి ఇద్దర్నీ చెరోపక్కకు నెట్టాడు. వాడూ పాసే. వాడు కూడా నా వల్లే పాసయ్యాడని ఇప్పటికీ నా నమ్మకం. మళ్ళీ కనిపిస్తే కొడతానని చెప్పి పోయాడు.

గేటు బయట ఫోను తీసుకుని అమ్మకు చెప్పాను. అమ్మ మామకు కూడా చెప్పమంది. చెప్పకుండా ఉందామనే అనుకున్నాను. కానీ ఆయన రికార్డుతో పరిగెత్తానని ఆయనకు తెలియకపోతే నాకు తృప్తి ఉండదు. చేశాను. పాసయ్యానని, ఆ భజన వింటూనే నేర్చుకున్నానని, తిట్టు కూడా తీసేయలేదని చెప్పాను. అవతల గొర్రెల గంటలు వినపడుతున్నాయి.

"బూట్లు ఏసుకొనే వింటివా?"

"ఔ మామా. రోజూ."

"నువ్వు యాడన్నా రోడ్డు మింద నిలబడి నా మందను ఆపినావంటే, ఆ పొద్దు మల్లా పాడతా. ఈసారి ఊరూరా పాడతా."

పెట్టేశాడు. నేను బండి దగ్గరికి పోతూ ఆ మాట కూడా రికార్డు చేసి ఉంటే బాగుండేదనుకున్నాను. ఇంకా ఆఖరి రాతపరీక్ష ఉంది, ట్రైనింగు ఉంది. అక్కడ కూడా పొద్దున్నే పరిగెత్తిస్తారంట.