విమానం దిగేదాకా ఊడ్వని ఇల్లు

పెద్దమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను గువాహటిలో ఆఫీసు మెట్ల మీద ఉన్నాను. అక్కడినుంచి బెంగళూరుకు సుమారు రెండు వేల కిలోమీటర్లు, విమానంలో మూడు గంటలు. ఆపైన మా ఊరు చింతామణికి కారు. ఈ లెక్కలు నాకు నోటికి వచ్చు. పెద్దమ్మ అడిగి అడిగి నేర్పించినవే. పొద్దుగుంకేలోగా చేరి ముఖం చూడగలిగాను.

ఆమె అమ్మకు అక్క. మాతోనే ఉండేది. ఇంట్లో ఎవరు ఊరికి బయలుదేరినా, చేరామని చెప్పేదాకా ఇల్లు ఊడ్వనిచ్చేది కాదు. మా వైపు చాలా ఇళ్ళలో ఈ పట్టింపు ఉంది కానీ, మిగతావాళ్ళు బస్సు మలుపు తిరగ్గానే పొరక తీస్తారు.

"దావలో ఉండేవాళ్ళ అడుగులు ఇంట్లోనే ఉంటాయి. వాటిని యాడికి ఊడుస్తావు?" అనేది.

దగ్గర్లోని బాగేపల్లికి పోయినప్పుడు చిక్కేం లేదు. నేను మొదటిసారి గువాహటిలో ఇంటర్వ్యూకి విమానం ఎక్కిన రోజే, గౌరిబిదనూరు నుంచి అక్కను చూసుకోవడానికి పెళ్ళివాళ్ళు వస్తున్నారు. ముందురోజు సాయంత్రం విత్తనానికి ఒలిచిన శెనక్కాయల పొట్టు హాలంతా పరుచుకుని ఉంది. దీపాలు పెట్టాక ఊడ్వరు. తెల్లవారకముందే నేను చెప్పులు వేసుకున్నాను.

"ఎంతసేపు?"

"మూడు గంటలు పెద్దమ్మా."

"అంతేనా. మదనపల్లికి పోయి వచ్చేంత."

గువాహటి మీద ఒకటే వాన. విమానం దిగలేక తిరుగుతూనే ఉంది. ఆ వేళ ఇంట్లో జరిగింది తర్వాత అక్క చెప్పింది. పెద్దమ్మ పొరకలన్నీ మంచం కింద పెట్టుకుని కూర్చుంది. అక్క ఫోన్లో, విమానం ఎక్కడుందో చూపే మ్యాపు మీద, దాని బొమ్మ ఒకేచోట సున్నాలు చుడుతోంది.

"వాళ్ళు శిడ్లఘట్ట దాటినారంట," అన్నారు నాన్న. "విమానానికీ పొరకకూ ఏం సంబంధం వదినా?"

"అదెందుకు అట్ల తిరుగుతాండాదో నీకు తెలుసాప్పా? తెలిస్తే చెప్పు, ఇప్పుడే ఊడుస్తా."

నాన్న వీధిలోకి తొంగిచూసి వచ్చారు.

"ఈ పొట్టు చూసి పిల్లను వద్దంటారక్కా," అంది అమ్మ.

"అంటే అననీ. ఆ చిన్నది ఇంకా నేల మీద కాలు పెట్టల్యా."

అక్క పట్టుచీర కొంగు బిగించి, ఆ బొమ్మనే చూస్తూ కూర్చుందట.

చివరికి మమ్మల్ని కోల్‌కతాలో దించారు. వాన తగ్గితే మళ్ళీ బయలుదేరుతామన్నారు. ఫోన్ ఆన్ చేయగానే పెద్దమ్మ గొంతు.

"చేరినావా?"

"లేదు. వేరే ఊర్లో దించినారు. మళ్ళీ ఎక్కల్ల."

వెనక నాన్న, "మన బస్‌స్టాండు కాడికి వచ్చేసినారంట," అంటున్నారు.

"ఇప్పుడు యాడుండావు? నేల మీదనేనా?"

"నేల మీదనే."

"అయితే అట్లే నిలుచుకో. నేను ఊడ్చేదాకా ఎక్కొద్దు. పిలిచినా పోవద్దు."

ఇద్దరు పిల్లల్లో ఎవరినీ వదులుకోకుండా ఆమె వెతుక్కున్న సందు అది. ఫోన్ కట్ చేయకుండానే కిటికీలో పెట్టేసింది.

ఇంతలో మా విమానానికి పిలుపు వచ్చింది. నా చుట్టూ అందరూ లేచి వరుస కట్టారు. నేను సంచి భుజాన వేసుకుని, ఫోన్ చెవికి ఆనించి, నిలబడిన చోటే నిలబడ్డాను. ఫోన్లో, పొరక కింద పొట్టు గరగరమంటూ హాలు దాటి, గడప వైపు పోతోంది.